కోరమాండల్ తీరంలో చౌక టూరు: ఒడ్డు ఒకచోట, రైలు ఇంకోచోట, మధ్యలో మన జేబు

పాండిచ్చేరి వైట్ టౌన్‌లో శనివారం రాత్రికి రూము రేటెంతో యాప్‌లో చూడండి, తర్వాత అదే శనివారానికి బందరు బస్టాండు దగ్గర లాడ్జికి ఫోన్ చేసి అడగండి. అసలు పోలికే ఉండదు. చరిత్ర లెక్కన చూస్తే బందరే సీనియరు, డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో అక్కడ దుకాణం తెరిచేశారు, ఫ్రెంచివాళ్ళు పాండిచ్చేరిలో స్థిరపడింది 1674లో. రెండు ఊళ్ళకీ అదే బంగాళాఖాతం, అదే ఉక్కపోత, రెండుచోట్లా తెల్లవాళ్ళ సమాధులున్నాయి. మరి ఒకటేమో రీల్సు నిండా కనిపిస్తుంది, రెండోదాని పేరు లడ్డు కొనేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తు రాదు.

చౌకగా తిరిగొచ్చే బీచ్ టౌన్లు అని నెట్‌లో లిస్టులు బోలెడున్నాయి గానీ ఊరి పేరు, ఒక ఫొటో, ఒక రేటు పెట్టి వదిలేస్తారు, ఆ రేటు అలా ఎందుకుందో చెప్పరు. అది తెలిస్తే లిస్టుతో పనే లేదు, ఎవరి ప్లాన్ వాళ్ళే వేసుకోవచ్చు. కోరమాండల్ అని పాత మ్యాపుల్లో రాసే తీరం దక్షిణాన తమిళనాడులోని కోడియక్కరై నుంచి పైన కృష్ణ సముద్రంలో కలిసే చోటు దాకా అంటారు, డచ్చివాళ్ళయితే భీమిలిని కూడా దీని కింద లెక్కే రాసుకున్నారు, నేను కూడా ఇక్కడ డచ్చి లెక్కే పట్టుకుంటున్నా. ఈ పొడవునా దాదాపు ఒకటే కథ: చూడాల్సింది ఒడ్డు మీద ఉంటుంది, రైలు లోపలెక్కడో ఉంటుంది, ఆ మధ్య దూరాన్ని మీరు ఎలా దాటుతారన్నదాని మీదే ఖర్చంతా ఆధారపడి ఉంటుంది.

ఇలా ఎందుకైందంటే, ఈ తీరానికి చాలావరకు సహజమైన హార్బర్ అనేదే లేదు. పడమటి తీరంలో లాగా కొండలు సముద్రంలోకి చొచ్చుకొచ్చి ఓడకి చాటివ్వవు, అంతా ఇసుక, దాని మీద విరుచుకుపడే కెరటాలు. ఓడలు ఒడ్డుకి రాలేక దూరంగానే లంగరేసేవి, అక్కణ్ణుంచి మనుషుల్నీ సరుకునీ మసూలా పడవల్లో మోసుకొచ్చేవాళ్ళు, ఆ పడవలకి మేకులుండవు, చెక్కల్ని కొబ్బరి తాడుతో కుట్టేస్తారు, మేకులు కొట్టిన గట్టి పడవైతే ఆ కెరటాల దెబ్బకి పగిలిపోతుంది, ఇదైతే వంగుతుంది. ఇంత కష్టమైన ఒడ్డుకి యూరప్ వాళ్ళు ఎగబడి వచ్చింది బట్ట కోసం. తూర్పు దీవుల్లో మిరియాలు, లవంగాలు, జాజికాయ కొనాలంటే అక్కడ మన అద్దకం బట్ట బాగా చెల్లేది. అందుకే హార్బర్ బాగుందా అని కాదు, వెనకాల మగ్గాలున్నాయా, ఏరు మీద సరుకు దిగుతుందా అని చూసి మకాం పెట్టారు. ఆ లెక్కన మంచి చోట్లు చాలావరకు డెల్టాల చివర్లలో తేలాయి.

డెల్టా చివర ఊరంటే రెండు గండాలు, ఒకటి ఒండ్రు, రెండోది తుపాను. కాకినాడ దగ్గరి కోరంగి రేవు 1789లో ఒకసారి, 1839లో ఇంకోసారి దెబ్బతిని మళ్ళీ లేవలేదు. బందరుని 1864 నవంబరులో ఉప్పెన ముంచేస్తే ముప్పై వేల మంది పోయారని లెక్క. ఇక రైలు సంగతికొస్తే, డెల్టాలో నది పాయలుపాయలుగా చీలిపోతుంది, ప్రతి పాయ మీదా వంతెన కట్టే బదులు నది ఇంకా ఒకటిగా ఉన్న చోటే దాటేశారు, గోదావరిని రాజమండ్రి దగ్గర, కృష్ణని బెజవాడ దగ్గర. మెయిన్ లైన్ అలా లోపలికి జరిగిపోయింది. ఒకప్పుడు ప్రపంచ వ్యాపారానికి గుమ్మంలా ఉన్న ఊళ్ళు బ్రాంచి లైను చివరి స్టేషన్లయ్యాయి, కొన్నిటికి అదీ దక్కలేదు. ఆ పైన మద్రాసులో రాళ్ళు పోసి కృత్రిమంగా హార్బర్ కట్టుకున్నాక ఉన్న కాస్త వ్యాపారమూ అటే పోయింది.

సరే, దీనికీ లాడ్జి రేటుకీ సంబంధమేంటి అంటారా. రూము ఎవరి కోసం కట్టారన్నదే రేటుని తేలుస్తుంది. బందరులోనో కాకినాడలోనో లాడ్జి కట్టింది కోర్టు పనికొచ్చేవాళ్ళ కోసం, రొయ్యల వ్యాపారుల కోసం, మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌ల కోసం, పెళ్ళిళ్ళకొచ్చే చుట్టాల కోసం. వాళ్ళంతా మంగళ, బుధవారాల్లో వస్తారు, ఆదివారం ఇళ్ళకి పోతారు. అంటే ముహూర్తాలు లేని ఆదివారం ఆ లాడ్జి ఖాళీ. పాండిచ్చేరి, మహాబలిపురంలో సరిగ్గా దీనికి రివర్సు, అక్కడ రూములు కట్టిందే చెన్నై, బెంగళూరు నుంచి శుక్రవారం రాత్రి కార్లేసుకొచ్చే జనం కోసం, కాబట్టి ఆదివారం సాయంత్రానికి రేటు కిందికి దిగడం మొదలవుతుంది. రెండు రకాల ఊళ్ళూ ఒకే ట్రిప్పులో కలిపితే శని, ఆది పని ఊళ్ళో, సోమ, మంగళ టూరిస్టు ఊళ్ళో ఉండేలా పెట్టుకోండి, అందరూ చేసేదానికి తలకిందులన్నమాట. ఆఫీసుకి సోమవారం సెలవు పెట్టాలి, నిజమే, కానీ ఆ ఒక్క సెలవుకి మిగిలే డబ్బు తక్కువేం కాదు.

ఇంకో చిన్న విషయం ఉంది, ఎవరూ రాయరు గానీ జేబుకి బాగా తగిలేది ఇదే. మన వైపు పాత లాడ్జిల్లో చాలాచోట్ల ఇరవై నాలుగు గంటల చెక్-ఔట్ ఉంటుంది, పొద్దున్న ఆరింటికి దిగితే మర్నాడు ఆరింటి దాకా మీదే. రిసార్టులు, యాప్ హోటళ్ళు అలా కాదు, మధ్యాహ్నం పన్నెండుకో రెండింటికో చెక్-ఇన్, మర్నాడు పదకొండుకల్లా ఖాళీ చేయాలి. రాత్రి రైలెక్కి తెల్లారి దిగే మనలాంటోళ్ళు ఆ మధ్యలో ఉన్న ఆరేడు గంటలకి ఎర్లీ చెక్-ఇన్ అని సగం రోజు అద్దె ఎక్కువ కడుతుంటారు, లేదా పిల్లల్నేసుకుని లగేజీతో ప్లాట్‌ఫారం మీద కూర్చుంటారు. బుక్ చేసేముందు ఫోన్లో అడగాల్సిన మొదటి ప్రశ్న ఏసీ ఉందా అని కాదు, చెక్-ఔట్ ఎన్ని గంటల లెక్క అని. లేదంటే స్టేషన్లో రిటైరింగ్ రూమ్ చూడండి, కన్ఫర్మ్ టికెట్ ఉంటే ఆన్‌లైన్లోనే గంటల లెక్కన దొరుకుతుంది, పెద్ద స్టేషన్లలో డార్మిటరీలు కూడా ఉంటాయి.

ఇప్పుడు ఊళ్ళ సంగతి. ముందు బందరు, ఎందుకంటే ఇన్ని శతాబ్దాల చరిత్ర ఇంత చౌకగా నాకు తెలిసి ఇంకెక్కడా దొరకదు. బెజవాడ నుంచి డెబ్భై కిలోమీటర్లు, బస్సులు వస్తూనే ఉంటాయి. 2025 ఆగస్టు 15 నుంచి ఏపీలో స్త్రీశక్తి పథకం వచ్చాక ఆంధ్ర ఆధార్ ఉన్న ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టే లేదు, అంటే అత్తాకోడళ్ళిద్దరూ బెజవాడ నుంచి పోయి వస్తే దారి ఖర్చు సున్నా. బందరు కోట, డచ్చివాళ్ళ సమాధులు ఒక పూటలో అయిపోతాయి, అక్కడ బోర్డులూ గైడులూ ఆశించకండి, ముళ్ళకంప చూసుకుని నడవాలి. మంగినపూడి బీచ్‌లో ఇసుక కన్నా నల్లమట్టి ఎక్కువ, తెల్లని ఇసుక ఫొటోలు ఊహించుకుని వెళ్తే నిరాశే, కానీ లోతు తక్కువని ఊళ్ళోవాళ్ళు పిల్లల్ని తీసుకొస్తారు.

బందరు వెళ్ళి పెడన చూడకుండా వస్తే మాత్రం సగం చూసినట్టే. పది కిలోమీటర్లుంటుంది, ఇప్పటికీ అక్కడ కలంకారీ అద్దుతున్నారు, పైన చెప్పిన ఆ ఓడలు ఏ బట్ట కోసం వచ్చాయో ఆ బట్టే. తెల్ల గుడ్డని ముందు కరక్కాయ రసం, గేదె పాలు కలిపిన దాంట్లో ముంచి ఆరేస్తారు, పాలల్లోని జిడ్డు వల్ల రంగు పాకిపోకుండా నిలుస్తుంది. నలుపు రంగుకి సీసాలేం ఉండవు, తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెడతారు, ఆ కుండ మూత తీస్తే వాసన ముక్కు బద్దలవుతుంది. ఆ నీళ్ళలో ముంచిన చెక్క అచ్చు గుడ్డ మీద పెట్టి చేత్తో ఒక్క గుద్దు గుద్దితే ముందు పల్చగా పడుతుంది, చూస్తుండగానే కరక్కాయ తగిలిన చోట నల్లబడుతుంది. ఇది చూడ్డానికి టికెట్టేం లేదు, పని మధ్యలో అడ్డం పడకుండా ఓ పక్కన నిలబడి అడిగితే చెప్తారు. షాపు రేటు కన్నా అక్కడ గజాల లెక్కన కొంటే తేడా తెలుస్తుంది, కాకపోతే మిల్లు ప్రింటు కూడా కలంకారీ పేరుతోనే అమ్ముతారు కాబట్టి గుడ్డ వెనక్కి తిప్పి చూడండి, అచ్చుల అంచులు అక్కడక్కడా కాస్త అటూ ఇటూ అయ్యాయంటే చేతి పని అన్నట్టే.

కాకినాడ వైపు లెక్క ఇంకా సులువు. మెయిన్ లైన్ సామర్లకోట మీదుగా పోతుంది, అక్కడికి కాకినాడ పదిహేను కిలోమీటర్లు. పడక కాకినాడలో పెట్టుకుంటే యానాం రోడ్డు మీద ఒకే దారిలో కోరంగి మడ అడవి, దాని తర్వాత యానాం రెండూ వచ్చేస్తాయి, మొత్తం ముప్పై కిలోమీటర్లు. కోరంగిలో చెక్క వంతెన మీద నడుస్తూ మడ చెట్ల ఊడలు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి గాలి పీల్చడం చూడొచ్చు, పడవ తిరగడం మాత్రం సముద్రం పోటు మీద ఉంటుంది కాబట్టి వెళ్ళేముందు కనుక్కోవాలి. యానాం ఫ్రెంచివాళ్ళ ఊరు, 1954 దాకా వాళ్ళ చేతిలోనే ఉంది, ఇప్పుడు ఎనిమిది వందల కిలోమీటర్లకి పైగా దూరంలో ఉన్న పుదుచ్చేరి కింద పరిపాలన. పెట్రోలు కాస్త తక్కువ, మందు ఇంకాస్త తక్కువ, ఆ రెండిటి కోసమే వచ్చేవాళ్ళే ఎక్కువ, నిజం చెప్పాలంటే ఫ్రెంచి వాతావరణం కోసం యానాం వెళ్తే గోదావరి గట్టు మీద సాయంత్రం గాలి తప్ప పెద్దగా దొరకదు. ఆ గాలి కోసం వెళ్ళొచ్చు లెండి.

విశాఖ ఒక్కటే పైన చెప్పిన సూత్రానికి లొంగదు. డాల్ఫిన్ నోస్ కొండ అడ్డం ఉండబట్టి అక్కడ నిజమైన హార్బర్ కుదిరింది, 1933లో పోర్టు తెరిచారు, రైలు ఊళ్ళోకే వస్తుంది, అందుకే అది పెరిగి మహానగరమైంది. రైల్వే స్టేషన్ వైపు మామూలు హోటల్లో ఉంటే బీచ్ రోడ్డు హోటళ్ళలో సగం కూడా అవదు, అక్కణ్ణుంచి 900కె సిటీ బస్సెక్కితే రుషికొండ మీదుగా భీమిలి దాకా సముద్రం పక్కనే ప్రయాణం. క్యాబులో పోతే ఆ కిటికీ సీటుకే కొన్ని వందలు. భీమిలిలో డచ్చి సమాధులు, లైట్ హౌస్, దారిలో తొట్లకొండ మీద బౌద్ధ ఆరామం శిథిలాలు. సాయంత్రం తిరుగు బస్సుకి జనం బాగా ఉంటారు, మొదట్లోనే ఎక్కండి.

చెన్నై గురించి అందరికీ తెలుసు గానీ చెన్నై పక్కనే ఉన్న పులికాట్ గురించి ఎక్కువమందికి ఫ్లెమింగోలే తెలుసు, అవి చూడాలంటే మన సూళ్ళూరుపేట, నేలపట్టు వైపు వెళ్తారు. పులికాట్ ఊరు మాత్రం సరస్సుకి దక్షిణాన తమిళనాడులో ఉంది. డచ్చివాళ్ళు 1613లో అక్కడ గెల్డ్రియా కోట కట్టి చాలాకాలం ఈ తీరం మొత్తాన్నీ అక్కణ్ణుంచే నడిపించారు, కోట ఇప్పుడు లేనట్టే లెక్క. సమాధుల తోట మాత్రం ఉంది, దాని గేటుకి అటూ ఇటూ రాతిలో రెండు అస్థిపంజరాలు చెక్కి నిలబెట్టారు, ఒకదానికి ఇసుక గడియారం, ఇంకోదానికి పుర్రె, లోపల సమాధుల మీద ఓడలూ వంశ చిహ్నాలూ. చెన్నై సబర్బన్ రైలెక్కి గుమ్మిడిపూండి లైన్లో పొన్నేరిలో దిగి అక్కణ్ణుంచి బస్సు, ఇరవై కిలోమీటర్ల లోపే. ఒక కాఫీ, టిఫిన్ ఖర్చులో దారి అయిపోతుంది, పులికాట్‌లో ఉండాల్సిన పనిలేదు, ఉండడానికి పెద్దగా ఏర్పాట్లూ లేవు.

అన్నట్టు చెన్నపట్నం పుట్టుకలో మన చెయ్యి ఉంది. ఇంగ్లీషువాళ్ళు బందరులో డచ్చివాళ్ళతో పడలేక 1626లో దుగరాజపట్నం దగ్గర ఆర్మగాన్ అని ఒక చోట దిగి చూశారు, అదీ కుదరక ఇంకా కిందికి పోతే 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు మద్రాసు ఇసుక పర్రని వాళ్ళకిచ్చాడు. ఆ జాగాలోని సెయింట్ జార్జి కోటలో మ్యూజియం చూడాలనుకుంటే శుక్రవారం పెట్టుకోకండి, ఎగ్మూరు మ్యూజియం కూడా శుక్రవారమే సెలవు, వీకెండ్ ట్రిప్పు శుక్రవారం పొద్దున్నే మొదలెట్టేవాళ్ళకి రెండూ పోతాయి.

మహాబలిపురానికి చెన్నైలో రూము తీసుకుని క్యాబ్ మాట్లాడుకుంటే అదే పెద్ద ఖర్చు. చెంగల్పట్టు స్టేషన్లో దిగితే ముప్పై కిలోమీటర్లు, బస్సులున్నాయి. పంచ రథాలకీ తీరాలయానికీ కలిపి ఒకటే నలభై రూపాయల టికెట్, పదిహేనేళ్ళ లోపు పిల్లలకి అదీ లేదు, అర్జునుడి తపస్సు బండకి అసలు టికెట్టే లేదు. తమిళనాడులో ఆర్డినరీ టౌన్ బస్సుల్లో 2021 నుంచి ఆడవాళ్ళకి ఉచితం, ఏ రాష్ట్రం అని అడగరు, కాకపోతే ఎక్స్‌ప్రెస్ అని బోర్డున్న వాటిల్లో కాదు.

ఇక పాండిచ్చేరి. ఖరీదంతా ఊరి మీద లేదు, కాలవకి తూర్పున ఉన్న ఆ కొన్ని వీధుల మీద ఉంది. ఊరి మధ్యలో ఒక పాత కాలవ పోతుంది, అటు పసుపు గోడల వైట్ టౌన్, ఇటు మామూలు తమిళ ఊరు. కాలవకి పడమటి వైపు లాడ్జిలో ఉండి పది పదిహేను నిమిషాలు నడిస్తే అదే బీచ్ రోడ్డు, సాయంత్రమైతే ఆ రోడ్డు మీదికి బండ్లని రానివ్వరు కాబట్టి లక్షలు పెట్టి కారులో వచ్చినోడూ మీరూ అక్కడ నడవాల్సిందే. క్రమశిక్షణ ఫర్లేదు అనుకుంటే అరబిందో ఆశ్రమం గెస్ట్ హౌసులు శుభ్రంగా, చవగ్గా ఉంటాయి, రాత్రి గేటు వేసేస్తారు, మందూ సిగరెట్టూ కుదరవు, ముందుగానే బుక్ చేయాలి. పాత ఫ్రెంచి ఊరు అని మురిసిపోయే ముందు ఒక మాట, 1761లో ఇంగ్లీషువాళ్ళు ఆ ఊరిని పట్టుకుని నేలమట్టం చేశారు, మనం ఫొటోలు దిగేవన్నీ ఆ తర్వాత కట్టినవే. రైలుకైతే మనవాళ్ళకి మంచి సదుపాయం ఉంది, సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు కాకినాడ పోర్టు నుంచి పుదుచ్చేరి దాకా పోతోంది, బెజవాడ, చెన్నై ఎగ్మూరు, చెంగల్పట్టు, విల్లుపురం మీదుగా. మీరు పైన చదివిన ఊళ్ళలో సగం ఈ ఒక్క రైలు దారిలోనో దాని పక్కనో ఉన్నాయి. రిజర్వేషన్ అరవై రోజుల ముందు తెరుస్తారు, స్లీపర్ తత్కాల్ ముందురోజు పదకొండింటికి, పండగ రోజుల్లో దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఎప్పుడు వెళ్ళాలన్నది కూడా డబ్బు విషయమే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ తీరంలో రేట్లు తక్కువ ఉంటే అది డిస్కౌంటు కాదు, తుపాను రేటు, 1864 బందరు ఉప్పెనా 1977 దివిసీమ ఉప్పెనా రెండూ నవంబరులోనే. బస్సులాగిపోయి రెండు రోజులు అదనంగా లాడ్జిలో కూర్చుంటే మిగిలింది కాస్తా పోతుంది. మే నెలలో వేడికి ఏసీ తప్పదు, రూము రేటు దాంతో పెరుగుతుంది. సంక్రాంతి గుంపు తగ్గాక, జనవరి చివర్నుంచి మార్చి మొదటి వారాల దాకా నాన్-ఏసీలో హాయిగా నిద్రపట్టే కాలం, నన్నడిగితే అదే.

చివరిగా తరంగంబాడి, ఎందుకంటే ఒడ్డుకీ రైలుకీ మధ్య దూరం నిజంగా ఎంత ఖరీదో అక్కడ తెలుస్తుంది. తంజావూరు రఘునాథ నాయకుడు, స్వయంగా తెలుగు కవి, 1620లో డెన్మార్క్ వాళ్ళకి అక్కడ చోటిచ్చాడు, వాళ్ళు సముద్రం మొహాన డాన్స్‌బోర్గ్ కోట కట్టుకుని 1845లో ఇంగ్లీషువాళ్ళకి అమ్మేసేదాకా ఉన్నారు. తమిళంలో అచ్చు పుస్తకాలు వేసిన జర్మన్ మిషనరీ జీగెన్‌బాల్గ్ దిగింది అక్కడే, 1706లో. ఊరంతా ఒక గేటు, ఒక పెద్ద వీధి, కోట, చర్చిలు, అలలు కొట్టి సగం తినేసిన పాత శివాలయం, రెండు మూడు గంటల్లో కాళ్ళ మీదే అయిపోతుంది. మయిలాడుతురై నుంచి ఒకప్పుడు అక్కడికి చిన్న రైలుండేది, 1986లో తీసేశారు. రైలు పోయాక ఆ ఊళ్ళో మిగిలినవి పాత బంగళాల్లో పెట్టిన ఖరీదైన హోటళ్ళే, మధ్యరకం రూములు దాదాపు లేవు. కాబట్టి చెన్నై ఎగ్మూరు నుంచి మయిలాడుతురై వెళ్ళి జంక్షన్ దగ్గర లాడ్జిలో దిగండి, పొద్దున్నే ఇడ్లీ తిని బస్సెక్కితే ముప్పై కిలోమీటర్లు, గంటకి కాస్త అటూఇటూగా దింపేస్తుంది. దిగేటప్పుడే తిరుగు బస్సు ఆఖరిది ఎన్నింటికని కండక్టర్ని అడిగి పెట్టుకోండి, అది తప్పితే ఆటోవాడు అడిగినంత ఇవ్వాల్సిందే.